పులుసు మానాలా, సోడా మానాలా? పళ్ళు కరిగిపోతున్నాయి

రొయ్యల చెరువు, భీమవరం పక్కన
నాకు 36 ఏళ్ళు. ఏడాదిగా చల్లటి నీళ్ళు తగిలితే చాలు, పళ్ళు జివ్వుమంటున్నాయి. మొన్న పళ్ళ డాక్టరు గారు అద్దం చేతికిచ్చి చూసుకోమన్నారు. ముందు పళ్ళ అంచులు తాటిముంజ లాగా వెలుతురు కనిపించేంత పల్చబడ్డాయి. ఎప్పుడో దవడ పంటికి పెట్టించుకున్న సిమెంటు చుట్టూ ఉన్న పన్ను కంటే ఎత్తుగా నిలబడి ఉంది, ఏటి కోతకి గట్టు పోయి రాయి తేలినట్టు. సిమెంటు పులుపుకి కరగలేదు, పన్ను కరిగిందట. ఇది పుచ్చు కాదు, పులుపు తినేసిందన్నారు. అప్పట్నుంచీ మా ఆవిడ చింతపండు తగ్గించేసింది. నాన్నగారికి చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నిజంగా మన పులుసులే కారణమా అండీ?

లంక మనిషి
నేనొప్పుకోను. మా నాయనమ్మ 80 దాటాక కూడా చెరుకుగడ పంటితోనే చీల్చేది. చింతకాయ పచ్చడి, గోంగూర, మాగాయ లేని రోజు ఆవిడ కంచంలో లేదు. తప్పంతా కూల్‌డ్రింకులది. తరతరాల వంటని ఆడిపోసుకోకండి.

పాలకొల్లు కోడలు
అన్నయ్య గారూ, నేను కూల్‌డ్రింకు ముట్టను. సన్నబడదామని రెండేళ్ళు పరగడుపునే గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని గుక్కగుక్కగా తాగి, వెంటనే బ్రష్ చేసుకునేదాన్ని. నాకూ ఇదే బాధ వచ్చింది. ఆ నిమ్మకాయలు మా పెరట్లోవే.

తెల్లపువ్వు
కోనసీమలోనే పళ్ళ వైద్యం చేస్తున్నాను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ అసలు సంగతి వేరే ఉంది.

చెరువు గారూ, నీళ్ళలో పీహెచ్, అంటే పులుపుని కొలిచే అంకె, 7 కిందికి జారితే మీరు సున్నం చల్లుతారు కదా. పంటి పైపొర ఎనామిల్ సుమారు 5.5 కిందికి దిగితే మెత్తబడడం మొదలవుతుంది. నిమ్మరసం 2, 3 మధ్య ఉంటుంది, కోలా దాదాపు 2.5. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పదింతలైనట్టు. నోట్లో లాలాజలం మీ సున్నం పనే చేస్తుంది, పైగా పంటికి కాల్షియం కూడా అందిస్తుంది. దానికి అరగంటైనా టైమ్ ఇవ్వాలి. మాటిమాటికీ ఓ గుక్క సోడా పోస్తుంటే ఇంకెప్పుడు కోలుకుంటుంది? ఎండలో చెమట పట్టి నోరెండితే లాలాజలమూ తగ్గుతుంది. ఎనామిల్ పోతే మళ్ళీ పుట్టదు.

చింతపండూ పులుపే, కాదనను. కానీ పులుసు అన్నంలో కలుస్తుంది, నములుతుంటే లాలాజలం ఊరుతుంది, పావుగంటలో భోజనం అయిపోతుంది. అదే చింతకాయ ఉప్పద్దుకుని పూటంతా చప్పరిస్తే మాత్రం నష్టమే. మజ్జిగ కూడా పుల్లనే గానీ అందులో కాల్షియం, ఫాస్ఫేటు ఉండడం వల్ల పంటిని కరిగించదు. కోడలు గారూ, మీ పళ్ళకి ఎక్కువ దెబ్బ బ్రష్ వల్లే తగిలి ఉండొచ్చు. పులుపుకి మెత్తబడిన ఎనామిల్‌ని వెంటనే తోమితే గీసి తీసేసినట్టే. నీళ్ళు పుక్కిలించి ఊరుకోండి, కాసేపాగి ఫ్లోరైడ్ పేస్టుతో మెల్లగా తోముకోండి.

లంక మనిషి
మరి మా నాయనమ్మ సంగతేంటి?

తెల్లపువ్వు
ఆవిడ అదృష్టవంతురాలు. నేను చూసే పెద్దవాళ్ళలో చాలామందికి దవడ పళ్ళు పలకలా అరిగి ఉంటాయి. కచ్చికా ఉప్పూ వేసి ఏళ్ళ తరబడి రుద్దినవాళ్ళే వాళ్ళు. పులుపు మెత్తబరిస్తే ఆ రాపిడి అరగదీస్తుంది. నొప్పి లేకపోయినంత మాత్రాన పన్ను బాగున్నట్టు కాదండీ.

లంక మనిషి
కచ్చిక మాట నిజమే, మా నాయనమ్మా దానితోనే తోమేది. అయినా పులుసుని దోషిని చేస్తే ఊరుకోను.

రొయ్యల చెరువు, భీమవరం పక్కన
ఇప్పుడే లెక్కేశాను. ఏప్రిల్, మే నెలల్లో చెరువు చెరువుకీ బండి మీద తిరుగుతూ రోజుకి ఆరు నిమ్మసోడాలు తాగాను. ఒక్కొక్కటీ కబుర్లు చెప్పుకుంటూ అరగంట సేపు. చెరువు పీహెచ్ పొద్దునా సాయంత్రం చూస్తాను గానీ నోటి సంగతి ఏనాడూ తట్టలేదు. రేపట్నుంచి బండికి మజ్జిగ సీసా కడుతున్నా. మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను, సాయంత్రం శీలావతి పులుసు పెడతానంది. తెల్లపువ్వు గారూ, ఎనిమిదికి తిని పదింటికి బ్రష్ చేసుకుంటే సరిపోతుందా?

తెల్లపువ్వు
సరిపోతుందండీ. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ తాగకండి, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.