కవల పిల్లల్లో ఒకదాన్ని తల్లి గొర్రె దగ్గరికి రానివ్వడం లేదు – ఏం చేయాలి?

కవలలను ఈనిన మా గొర్రె ఒక పిల్లను నాకి పాలిస్తూ, రెండోది పొదుగు దగ్గరికి రాగానే తలతో కుమ్మి తరిమేస్తోంది. పొదుగులో వాపు, వేడి, గట్టిదనం లేవు. రెండు చన్నుల నుంచీ పాలు వస్తున్నాయి కనుక నొప్పి వల్ల అలా చేస్తోందని అనుకోలేను. తల్లి తన పిల్లను ప్రధానంగా వాసనతోనే గుర్తిస్తుంది కాబట్టి, మొదటి పిల్లను తుడిచిన గుడ్డతోనే రెండోదాన్నీ రుద్ది చూశాను, గుణం కనిపించలేదు. తల్లిని పట్టుకుని ముర్రుపాలు మొదటి గంటల్లోనే తాగించగలిగాను, అది కొంత నయం.

తల్లిని చిన్న దొడ్డిలో తల కదలకుండా కట్టి ఉంచి, రెండు పిల్లలనూ వదిలితే, కొన్ని రోజులకు రెండోదాన్ని అంగీకరిస్తుందా, లేక ఆ బెదురుతో మొదటిదాన్నీ దూరం పెడుతుందా? ఎప్పటి వరకు ప్రయత్నించి సీసాపాలకు మారాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.