ఈ-రీడర్‌లో జపనీస్ చదువుతున్నప్పుడు డిక్షనరీలో మాట దొరక్కపోతే

కానా_చూపు
కిండిల్‌లోకి సొంతంగా ఎక్కించిన జపనీస్ ఈపబ్ పుస్తకంలో మాట మీద వేలు పెట్టి పట్టుకుంటే ఇంగ్లిష్ డిక్షనరీ తెరుచుకుని, అర్థం లేదంటోంది. స్టోర్‌లో కొన్న జపనీస్ పుస్తకంలో మాత్రం దైజిసెన్ అనే డిక్షనరీ సరిగ్గానే వస్తోంది. పైగా దైజిసెన్ జపనీస్ మాటకు జపనీస్‌లోనే అర్థం చెబుతుంది, నాకు ఇంగ్లిష్ అర్థాలు కావాలి. ఇంకొకటి, తబెససెరరెత లాంటి పొడుగాటి క్రియల్ని నొక్కితే సగం ముక్కే ఎంపికవుతోంది. కిండిల్, కోబో, ఆండ్రాయిడ్ ఏది వాడుతున్నా సరే, మీ దగ్గర ఇవి ఎలా కుదిరాయో చెప్పండి.

నిలువువరస
మొదటిది డిక్షనరీ తప్పు కాదండీ, పుస్తకంలోని భాష గుర్తు తప్పు. కిండిల్ ఏ డిక్షనరీ తెరవాలో పుస్తకం లోపల రాసి ఉన్న భాషను చూసే నిర్ణయిస్తుంది. అక్కడ ఇంగ్లిష్ అని ఉన్నా, అసలేమీ లేకపోయినా ఇలాగే అవుతుంది. జపనీస్‌లో మాటల మధ్య ఖాళీలు ఉండవు కాబట్టి, భాష తెలియకపోతే మాట ఎక్కడ తెగాలో కూడా దానికి తెలియదు.

కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రాంలో పుస్తకం వివరాలు తెరిచి భాష దగ్గర జపనీస్ పెట్టండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు, అది చాలదు. ఆ మార్పు కాలిబర్ జాబితాలోనే ఉంటుంది, ఫైల్‌లోకి వెంటనే వెళ్లదు. పాలిష్ బుక్స్‌లో మెటాడేటా (పుస్తకం వివరాలు) అప్‌డేట్ టిక్ పెట్టి నడిపితే ఫైల్‌లోకి చేరుతుంది. ఆ తర్వాత పాత కాపీని రీడర్‌లోంచి తీసేసి కొత్తది పంపండి.

మడతపుట
ఇంగ్లిష్ అర్థాలకు జేఎండిక్ట్ అనే ఉచిత జపనీస్-ఇంగ్లిష్ పదకోశం ఆధారంగా కిండిల్ కోసం తయారుచేసిన మోబి డిక్షనరీలు ఉచితంగా దొరుకుతాయి. జేఎండిక్ట్‌లో రెండు లక్షలకు పైగా పదాలున్నాయి. దీనికి మూలమైన ఈడిక్ట్‌ను జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టారు.

మోబి ఫైల్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో డాక్యుమెంట్స్ లోపలి డిక్షనరీస్ ఫోల్డర్‌లో వేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో భాషలు, డిక్షనరీల దగ్గర జపనీస్‌కు దాన్ని ఎంచుకోండి. జాబితాలో అది కనిపించకపోతే, ఆ డిక్షనరీ ఏ భాష నుంచి అర్థం చెబుతుందో దాని లోపల సరిగ్గా రాయలేదని అర్థం. అప్పుడు వేరే ఫైల్ తెచ్చుకోండి. దైజిసెన్‌ను తీసేయకండి. అర్థం వచ్చిన పెట్టెలోనే డిక్షనరీ పేరు మీద నొక్కి రెండింటి మధ్య మారవచ్చు.

ఈ పద్ధతిలో పెద్ద లాభం ఏమిటంటే, రీడర్‌ను జైల్‌బ్రేక్ చేయనక్కర్లేదు (అంటే కంపెనీ పెట్టిన తాళాన్ని తెరవనక్కర్లేదు), కొన్న పుస్తకాల్లోనూ ఇదే డిక్షనరీ పనిచేస్తుంది. డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే తాళం) ఉన్న పుస్తకాల్ని, రీడర్‌లో విడిగా వేసుకునే కేఓరీడర్ అనే ఉచిత ప్రోగ్రాం తెరవలేదు. అందుకే ఎక్కువగా కొని చదివేవాళ్లకు నేను కిండిల్‌నే చెబుతాను.

ముద్రాక్షరం
మూడో చిక్కు మీద కాస్త వివరంగా రాస్తాను, అసలు తేడా అంతా అక్కడే ఉంది.

తబెససెరరెత అన్నది తబె + ససె + రరె + త. మన తిని + పించ + బడ్డ వరసలోనే ఉంది చూడండి: మూల క్రియ, తర్వాత ప్రేరణ, తర్వాత కర్మణి, చివర భూతకాలం. డిక్షనరీలో ఉండేది తబెరు ఒక్కటే. కాబట్టి వెనక నుంచి ఒక్కో ప్రత్యయాన్నీ ఒలుచుకుంటూ తబెరు దాకా ఎవరో ఒకరు రావాలి.

కిండిల్ మోబి డిక్షనరీలో ఆ ఒలిచే పని ఉండదు. ప్రతి పదం కింద దాని రూపాల పట్టిక ముందే రాసి ఉంచుతారు. పట్టికలో ఉంటే దొరికింది, లేకపోతే లేదు. మామూలు భూతకాలం, వ్యతిరేకం, తె-రూపం దాదాపు అన్నిట్లోనూ ఉంటాయి. ప్రేరణా కర్మణీ కలిసిన రూపాల దగ్గరికి వచ్చేసరికి చాలా పట్టికలు ఖాళీ. అలాంటప్పుడు ఎంపిక అంచుల్ని జరిపి కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరం) ఒక్కదాన్నే పట్టుకోండి, కనీసం దాని అర్థమైనా వస్తుంది.

కేఓరీడర్‌లో జపనీస్ సపోర్ట్ ప్లగిన్ ఈ ఒలిచే పనిని నియమాలతో చేస్తుంది. ఆ నియమాలు యోమిచాన్ అనే బ్రౌజర్ డిక్షనరీ యాడ్-ఆన్ నుంచి తీసుకున్నవి. మీరు నొక్కిన అక్షరం నుంచి ముందుకు చదువుకుంటూ పోయి, డిక్షనరీకి తగిలే అతి పొడుగైన ముక్కను ఎంచుతుంది. దీనివల్ల జాతీయాలు కూడా దొరుకుతాయి. 'కి గ త్సుఇత' అని ఉంటే మొదటి 'కి' మీద నొక్కండి, 'కి గ త్సుకు' అంటే గమనించడం అని మొత్తంగా వస్తుంది. కిండిల్ అదే చోట 'కి' అంటే మనసు అని చెప్పి ఊరుకుంటుంది. వాక్యం అర్థమే మారిపోతుంది.

నిలువువరస
దీనికి ఒకటి కలుపుతాను. మాట మొదటి అక్షరం మీదే నొక్కాలి. రెండో కంజీ మీద వేలు పడితే అక్కడి నుంచే వెతకడం మొదలవుతుంది, వచ్చే అర్థం చూడ్డానికి సరైనదిలాగే ఉంటుంది కానీ వేరే మాటది. అక్షరాలు కొంచెం పెద్దవి చేసుకుంటే ఈ పొరపాటు బాగా తగ్గుతుంది.

కేఓరీడర్ డిక్షనరీ సెట్టింగ్స్‌లో ఫజీ సెర్చ్ ఆపేయండి. అది స్పెల్లింగ్ దగ్గరగా ఉన్న మాటలన్నీ తెస్తుంది. రెండక్షరాల జపనీస్ మాటకు ఒక్క అక్షరం తేడా అంటే పూర్తిగా వేరే మాట. ఆలస్యమూ అవుతుంది.

కానా_చూపు
కోబోలో కేఓరీడర్ వేశాను. డిక్షనరీ ఫైల్ పెట్టినా జాబితాలో కనిపించడం లేదు.

ముద్రాక్షరం
జిప్ ఫైల్‌నే పెట్టి ఉంటారు. కేఓరీడర్ ఫోల్డర్‌లో డేటా, దాని లోపల డిక్ట్ అని ఉంటుంది. అక్కడ ఒక్కో డిక్షనరీకి ఒక ఫోల్డర్ చేసి, విప్పిన ఫైళ్లు వేయండి. ఐఎఫ్‌ఓ, ఐడీఎక్స్, డిక్ట్ లేదా డిక్ట్‌డీజెడ్ ఈ మూడూ ఉండాలి. ఎస్‌వైఎన్ ఫైల్ కూడా వచ్చి ఉంటే దాన్ని వదిలేయకండి. ఒకే మాటను వేర్వేరు కంజీలతో రాసే రూపాలు, కానా (ఉచ్చారణ అక్షరాల) రూపాలు తరచుగా అందులోనే ఉంటాయి. అది లేకపోతే 'వకరు' ఒక రాతలో దొరికి ఇంకో రాతలో దొరకదు.

యోమితాన్ (యోమిచాన్ తర్వాత వచ్చిన యాడ్-ఆన్) కోసం చేసిన డిక్షనరీలు ఇక్కడ పనిచేయవు. స్టార్‌డిక్ట్ రూపంలో ఉన్నవే కావాలి. సొంతంగా చేసుకోవాలంటే పైగ్లాసరీ అనే ప్రోగ్రాం జేఎండిక్ట్ ఎక్స్‌ఎంఎల్‌ను చదివి స్టార్‌డిక్ట్‌గా రాసిస్తుంది.

పేర్ల కోసం జేఎంనెడిక్ట్ వేసుకుంటే దాన్ని వరసలో అట్టడుగున ఉంచండి. పైన ఉంటే మామూలు మాటకు కూడా ముందు ఇంటిపేర్లే వచ్చిపడతాయి.

మడతపుట
కేఓరీడర్‌లో నిలువు రాత రాదని కూడా చెప్పాలి. నిలువుగా అచ్చయిన నవల కూడా అడ్డంగానే కనిపిస్తుంది. నిలువు వరస కావాలనుకునేవాళ్లకు కిండిల్ మెరుగు.

తెరచాప
ఫురిగానా, అంటే కంజీ పైన చిన్నగా రాసే ఉచ్చారణ, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్ని రీడర్లలో మాట ఎంచినప్పుడు కంజీ మధ్యలో ఫురిగానా కూడా చేరిపోతుంది, అప్పుడు ఏ డిక్షనరీలోనూ దొరకదు. చాలామంది కాలిబర్ ఎడిటర్‌లో ఫురిగానా ఉండే ఆర్‌టీ ట్యాగుల్ని మొత్తం తుడిచేస్తారు. దయచేసి అలా చేయకండి. రచయితలు కావాలని కంజీ ఒకటి రాసి, పైన వేరే ఉచ్చారణ పెడతారు. విశ్వం అనే కంజీలు రాసి, మామూలుగా ఉచు అని చదివేదానిపైన 'సొర' అని, అంటే ఆకాశం అని రాస్తారు. తుడిచేస్తే ఆ రెండో అర్థం పోతుంది. అసలు ఫైల్‌ను అలాగే ఉంచి, కాపీలో మాత్రమే తీయండి.

ఫురిగానా అక్షరం అసలు అక్షరంలో సగం ఉంటుంది. 300 పీపీఐ (అంగుళానికి చుక్కలు) తెర మీద చదవగలం. 167 పీపీఐ తెర మీద మించో అచ్చులో సన్నని అడ్డగీతలు విరిగినట్టు కనిపిస్తాయి, గీతలన్నీ ఒకే మందంలో ఉండే గోథిక్ ఫాంట్ పెట్టుకోండి.

నిలువువరస
ఉచిత పుస్తకాలకు అఒజొర బుంకొ అనే వెబ్ గ్రంథాలయం ఉంది, 1997 నుంచి. అక్కడి టెక్స్ట్ ఫైళ్లు షిఫ్ట్-జిస్ అనే పాత జపనీస్ అక్షర సంకేతంలో ఉంటాయి. యూటీఎఫ్-8 అనుకుని తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఫైల్ పాడైందనుకుని పారేయకండి. ఫురిగానా కూడా జంట కోణపు బ్రాకెట్లలో మాట పక్కనే ఉంటుంది. అఒజొరఈపబ్3 అనే జావా ప్రోగ్రాంకు ఇస్తే అవన్నీ సరిచేసి, నిలువు వరసల ఈపబ్ చేసిపెడుతుంది.

దించుకునే ముందు రచన వివరాల్లో కొత్త కంజీ, కొత్త కానా అని ఉందో లేదో చూడండి. పాత కానా అయితే డిక్షనరీ దాదాపు పనికిరాదు. సీతాకోకచిలుక ఇప్పటి రాతలో 'చో', పాత రాతలో 'తెఫు'. ఏ ప్రత్యయాలు ఒలిచినా ఒకటి రెండోదాని దగ్గరికి రాదు. చాలా రచనలు రెండు రాతల్లోనూ ఉన్నాయి, కొత్తదే తీసుకోండి.

అక్కడ కొత్త రచయితల కోసం వెతికి నిరాశపడకండి. జపాన్‌లో కాపీహక్కు గడువు 2018 డిసెంబర్ 30న 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది. 1968లో పోయినవాళ్ల రచనలకు 2039 దాకా ఆగాలి.

తెరచాప
ఆండ్రాయిడ్ నడిచే ఈ-ఇంక్ రీడర్ ఉంటే ఫైర్‌ఫాక్స్‌లో యోమితాన్, దానితోపాటు బ్రౌజర్‌లోనే ఈపబ్‌లు తెరిచే టీటూ రీడర్ పెట్టుకోవచ్చు. నిలువు రాత, ఒలిచే నియమాలు రెండూ ఒకేచోట దొరికేది ఇక్కడే. ఏ రూపం నుంచి ఏ రూపానికి వచ్చిందో కూడా పైన వరసగా చూపిస్తుంది, వ్యాకరణం నేర్చుకునేవాళ్లకు అది బంగారం. కానీ పుస్తకాలు, డిక్షనరీలు అన్నీ బ్రౌజర్ నిల్వలోనే ఉంటాయి. బ్రౌజింగ్ డేటా తుడిచారంటే ఎక్కించిన పుస్తకాలు పోతాయి. ఈపబ్‌లను విడిగా దాచుకోండి.

కానా_చూపు
కోబోలో ఇప్పుడు తబెససెరరెతకు తబెరు వచ్చింది, సంతోషం. కానీ కొన్ని కంజీల ఆకారం అచ్చు పుస్తకంలో ఉన్నట్టు లేదు. 'తిన్నగా' అనే అర్థమున్న చొకు అక్షరం అడుగున గీత వేరుగా ఉంది.

ముద్రాక్షరం
అది చైనా ఆకారం. యూనికోడ్‌లో రెండింటికీ ఒకటే సంకేతం, ఏది గీయాలో భాషను చూసి ఫాంట్ నిర్ణయిస్తుంది. జపనీస్ చొకులో ఎడమవైపు నుంచి కిందికి దిగి కుడికి తిరిగే మూల గీత ఉంటుంది. చైనా రూపంలో అది ఉండదు, పెట్టె కింద తిన్నగా ఒక అడ్డగీత. కేఓరీడర్ టైపోగ్రఫీ రూల్స్‌లో జపనీస్ ఎంచండి. అయినా మారకపోతే ఈపబ్‌ను కాలిబర్ ఎడిటర్‌లో తెరిచి, ఒక్కో అధ్యాయం ఫైల్ మొదట్లో భాష ఇంగ్లిష్ అని రాసి ఉందేమో చూడండి. పైన పుస్తకానికంతా జపనీస్ అని పెట్టినా, లోపలి గుర్తే గెలుస్తుంది.