సహోద్యోగి డిప్రెషన్ సంగతి మేనేజరుకు చెప్పవచ్చా?

బ్యాంకు ఆఫీసరు, ప్రకాశం జిల్లా:

మా శాఖలో నాకంటే ఆరేళ్లు పెద్దవారైన సహోద్యోగి ఒకరు రెండు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, ఎవరితోనూ అనవద్దని మాట తీసుకున్నారు. ఉదయం పది గంటలకు రావలసిన మనిషి పదకొండున్నరకు వస్తున్నారు. పంట రుణాల రెన్యువల్ ఫైళ్లు ఆయన బల్ల మీద పేరుకుపోతుంటే, సాయంత్రం ఆరు దాటాక నేనే కూర్చుని పూర్తి చేస్తున్నాను. పోయిన వారం ఒక రైతు ఖాతాలో పడవలసిన సొమ్ము అదే ఇంటిపేరు ఉన్న మరొకరి ఖాతాలో పడింది. ఆ ఎంట్రీని సరిచూసి ఆమోదించవలసినవాడిని నేనే అయినా, అనుభవజ్ఞుడైన ఆయన చేసినది కదా అని చూడకుండానే ఆమోదించాను. సొమ్ము తిరిగి వచ్చింది కాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇచ్చిన మాట నిలుపుకోవాలా, మేనేజరుకు చెప్పాలా?

విశ్రాంత బ్రాంచి మేనేజరు:

చెప్పి తీరాలని నా అభిప్రాయం. కారణం తెలియని మేనేజరుకు ఆలస్యం నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది. నేను ఒక క్లర్కుకు వరుసగా రెండు మెమోలు ఇచ్చాను. ఆయన చికిత్సలో ఉన్నారని పక్క కౌంటరులోని ముగ్గురికీ తెలుసునట, నాకు మాత్రం తెలియదు. ఆ మెమోలు ఆయన సర్వీసు రికార్డులో ఉండిపోయాయి. ఆ మౌనం వల్ల ఆయనకు ఏ మేలు జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాదు:

పైవారి ఆవేదన నిజమైనదే కాని, అందరు మేనేజర్లూ వారిలా ఆలోచించరు. మనసు బాగాలేదంటే ఇక్కడ ‘ఎర్రగడ్డకు పంపండి’ అని నవ్వే అలవాటు చదువుకున్నవారిలో కూడా పోలేదు. వైద్యం చేసే ఆసుపత్రి ఉన్న చోటు పేరునే తిట్టుగా మార్చుకున్నాం. నాలుగేళ్ల క్రితం నా మేలు కోరే స్నేహితురాలే నా డిప్రెషన్ గురించి టీమ్ లీడ్‌కు చెప్పింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. విశ్రాంతి దొరుకుతుందంటూ క్లయింటుతో మాట్లాడే పని నుంచి తప్పించారు, ఆ ఏడాది ఆ పని చేయలేదన్న కారణంతోనే నా రేటింగ్ తగ్గింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు బయటపెట్టకుండా వైద్య సిబ్బందిని కట్టడి చేస్తుంది, పక్క సీట్లో కూర్చున్నవారిని కాదు. మనం ఇచ్చిన మాట తప్ప ఆ మనిషికి వేరే రక్షణ లేదు.

ఉపాధ్యాయురాలు, విజయనగరం:

నేనూ ఆ మందులు వాడినదాన్నే. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయని నాకనిపిస్తోంది: రోగం ఆయన సొంత విషయం, తప్పు ఎంట్రీ మీ ఇద్దరిదీ. రోగం పేరెత్తకుండానే ఎంట్రీల గురించి ఆయనతో మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా. సరిచూడకుండా ఆమోదించడం ఆయనకు సాయం కాదు, రైతుకు అన్యాయం.

ఆయన పనంతా మీరే చేయడం కూడా మంచిది కాదు. నా క్లాసులన్నీ తోటి టీచరు తీసుకున్న రోజుల్లో, నేను ఉన్నా లేకున్నా ఒకటేనన్న భావం నాలో ఇంకా ముదిరింది. చాలామందికి ఈ జబ్బులో తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఉదయం పూట అన్నిటికంటే బరువుగా ఉంటుంది. ఆవిడ నా మొదటి పీరియడు మాత్రం మార్చుకుని, ఆరో తరగతిని నాకే వదిలేశాక నేను నిలదొక్కుకున్నాను. ఆయనకూ ఉదయం కౌంటరు పని తప్పించి, మధ్యాహ్నం ఫైళ్లు చూసుకునే వీలుంటుందేమో ఆయననే అడగండి.

మందుల గుణం సాధారణంగా కొన్ని వారాల్లో కనిపించాలి. రెండు నెలలైనా మార్పు లేకపోతే డాక్టరుకు మళ్లీ చూపించుకోమని చెప్పండి. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే మాత్రం రహస్యం అన్నది పక్కన పెట్టాలి. ‘చనిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకుండా ఇంటివారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలిమానస్ వారి 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.

విశ్రాంత బ్రాంచి మేనేజరు:

అమ్మా, మీరు చెప్పినది విన్నాక, ఆయనను అడగకుండా చెప్పడం సరికాదని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక మాట ఆయన చెవిన వేయడం అవసరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక రుగ్మత కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 20వ సెక్షను చెబుతోంది. ప్రతి డిప్రెషనూ ఆ నిర్వచనంలోకి రాదు. అయినా, చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కొంతైనా తగ్గుతుంది.

బ్యాంకు ఆఫీసరు, ప్రకాశం జిల్లా:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆయనతో కూర్చుని, ముందుగా నా తప్పు ఒప్పుకుని, ఇకపై ప్రతి ఎంట్రీ సరిచూస్తానని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, పైగా తేలికపడ్డట్టు కనిపించారు. శనివారం డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నారు. ఉదయం పని మార్పు కోసం మేనేజరును తానే అడుగుతానన్నారు. ఏ కారణం చెప్పాలో ఆయన ఇష్టానికే వదిలేశాను.