బరోక్ తరహా ఎర్ర సుద్ద: జాజు గడ్డ కాగితాన్ని గీరేస్తోంది, తప్పు ఎక్కడ?

మాసబ్‌ట్యాంక్_స్కెచ్:
బరోక్ కాలపు (సుమారు పదిహేడో శతాబ్దం) ఇటలీ కళాకారులు అన్నిబలే కరాచి, బెర్నినీ వేసిన ఎర్ర సుద్ద తలల పద్ధతిలో స్టడీలు వేద్దామని బేగంబజార్‌లో పావుకిలో గడ్డ జాజు (ఎర్రమట్టి రాయి) తీసుకున్నా. రంగు బాగుంది. గీస్తే మాత్రం కాసేపు మెత్తగా, కాసేపు మేకుతో గీకినట్టు పడుతోంది. కాగితం 150 జీఎస్‌ఎం కార్ట్రిడ్జ్ (మామూలు డ్రాయింగ్ కాగితం). వెలుగు కోసం బోర్డు సుద్ద వేస్తే గులాబీ మడ్డి అవుతోంది. రబ్బరు పెట్టినా ఎరుపు పోవట్లేదు. రాయిదా తప్పు, కాగితానిదా?

కావిగడ్డ:
ముందు రాయి సంగతి. ఆ కళాకారులు వాడింది సన్నటి బంకమట్టి సహజంగా కలిసి ఉన్న హెమటైట్ (ఎర్రటి ఇనుప ఖనిజం). బంకమట్టి రేణువులు పలకల్లా ఒకదానిపై ఒకటి జారతాయి, అందుకే ఆ నునుపు. గడ్డను రంపంతో పుల్లలుగా కోసి, రింగుతో బిగిసే లోహపు గొట్టంలో పెట్టి గీసేవారు. మీ జాజులో ఇసుక రేణువులున్నాయి, చెక్కినా పోవు. తేర్చాల్సిందే.

నూరి, బకెట్ నీళ్లలో కలిపి, ఒక్క నిమిషం ఆగి పైనీళ్లు వేరే గిన్నెలోకి వంచండి. అడుగున మిగిలిన గరుకు పారేయండి. ఇలా మూడుసార్లు. వంచిన నీళ్లు రెండు రోజులు కదపకుండా ఉంచితే మెత్తటి ముద్ద దిగుతుంది. ఆరబెట్టి 100 గ్రాములు తూచుకోండి. 100 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల తుమ్మజిగురు కరిగించి, ఆ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసికి, పెన్సిల్ లావున చుట్టండి. నీడలోనే ఆరాలి, ఎండలో పగుళ్లిస్తుంది. వానాకాలమైతే వారం పట్టొచ్చు. పొడి రాలితే జిగురు 3 గ్రాములకు పెంచండి. పుల్ల మెరుస్తూ, గీత పడకపోతే జిగురు ఎక్కువైనట్టే. నూరేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రంగుసందేహం:
ఒక్క మాట. బజారులో పొడిగా అమ్మే జాజులో కొన్నిసార్లు అద్దకం రంగు కలుపుతారు. తడి చేసి టిష్యూ మీద చుక్క పెట్టండి. చుక్క చుట్టూ పారదర్శకమైన ఎర్ర వలయం పాకితే అది మట్టి రంగు కాదు.

గుడ్డపీలిక:
కాగితం మీద కూడా నేరం ఉంది. ఆనాటి కాగితం పాత నార గుడ్డల గుజ్జుతో తయారయ్యేది. ఒకడు జల్లెడలాంటి అచ్చును గుజ్జు తొట్టిలో ముంచి తీస్తే, రెండోవాడు దాన్ని ఉన్ని బట్ట మీద బోర్లించేవాడు, మూడోవాడు నొక్కిన కట్ట నుంచి ఒక్కో కాగితాన్ని విడదీసేవాడు. ఆపైన జంతుచర్మపు జిగురులో ముంచడం వేరే పని. ఉన్ని బట్ట అచ్చు పడి మిగిలిన ఆ గరుకే సుద్దను పట్టుకుంటుంది. మెషీన్ కార్ట్రిడ్జ్‌కి అది తక్కువ. నీలి కాగితమైతే నీలి గుడ్డ పీలికలే గుజ్జయ్యేవి. మధ్యస్థాయి రంగు ఉచితంగా వచ్చేసేది, చీకటికి ఎరుపు లేదా నలుపు, వెలుగుకి తెలుపు చాలు.

చేత్తో చేసిన నూలు కాగితం తీసుకోండి. జిగురు లేనిదైతే 2 శాతం జెలటిన్ పూయాలి. జెలటిన్‌ను చల్లటి నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, తర్వాత వేడి చేయండి. మరిగిస్తే బలం పోతుంది.

కావిగడ్డ:
ఇక తెలుపు. ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీయే వస్తుంది, అది ఏ సుద్దతోనైనా అంతే. రెండింటి మధ్య కాగితం కనబడాలి. బోర్డు సుద్ద చాలావరకు జిప్సం, పొడిగా రాలిపోతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చాక్ పౌడర్‌తో ఇదే లెక్కలో పుల్లలు చుట్టుకోండి.

చెరపడం గురించి: రబ్బరు ఆ పనికి 1770 ప్రాంతంలోనే వచ్చింది, అంతకు ముందు బ్రెడ్ మెత్తనే వాడేవారు. అదీ పైపొడిని ఎత్తుతుందే తప్ప, దారాల్లో ఇరుక్కున్న ఎరుపును తీయలేదు. కనుక మొదటి గీతలు గాలిలా తేలిగ్గా వేయండి. ఫిక్సేటివ్ (సుద్ద రాలకుండా కొట్టే స్ప్రే) పడితే తెలుపు మసకబారుతుంది. ఎరుపు పూర్తయ్యాక 40 సెం.మీ. దూరం నుంచి పలుచగా స్ప్రే చేసి, ఆరాకే తెలుపు పెట్టండి.