హెబ్రీ పత్రిక ఎవరిది, ఎప్పటిది?

కొబ్బరాకు:
బైబిలు కొత్త నిబంధనలోని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక (అంటే ఉత్తరం) అపొస్తలుడు పౌలుదేనని మా సంఘ పెద్దలంటారు. చివర్లో పౌలు సహచరుడు తిమోతి పేరుంది కదా అని చూపిస్తారు. యాజకులు బలులు అర్పిస్తున్నారని వర్తమాన కాలంలో రాశాడు కాబట్టి, యెరూషలేము దేవాలయం కూలిన క్రీ.శ. 70కి ముందుదేనని నా వాదన. కాదనేవారున్నారా?

పాతప్రతి:
నేనున్నాను. ముందు పౌలు సంగతి. తన సువార్తను ఏ మనిషి దగ్గరా నేర్చుకోలేదని గలతీ పత్రికలో ఆయన ఒట్టేసినంత పని చేశాడు. ఇక్కడ రెండో అధ్యాయంలో రచయిత, ప్రభువు మాట విన్నవారి ద్వారానే అది తమకు చేరిందంటాడు. ఒకే మనిషి రెండూ అంటాడా? గ్రీకు శైలిలో తేడాను క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మూడో శతాబ్దంలోనే పట్టుకుని, రాసిందెవరో దేవుడికే తెలుసన్నాడు.

ఇక కాలం. పత్రిక వర్ణించేది దేవాలయాన్ని కాదు, అంతకు ఎంతో ముందు, మోషే నాటి ఆరాధనా గుడారాన్ని. పైగా గుడి కూలిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా యూదు చరిత్రకారుడు జోసీఫస్ బలుల గురించి వర్తమానంలోనే రాశాడు. క్రియను పట్టుకుని తేదీ కట్టలేం.

కొబ్బరాకు:
సరే, పౌలును వదిలేస్తాను, మా పెద్దలకు మాత్రం చెప్పకండి. కానీ పదో అధ్యాయం చూడండి. ఆ బలులు నిజంగా శుద్ధి చేసి ఉంటే ఈపాటికి ఆగిపోయేవి కదా అని అడుగుతాడు. అప్పటికే ఆగిపోయి ఉంటే ఆ ప్రశ్న రచయితకే ఎదురు తిరుగుతుంది!

పాతప్రతి:
ఇది గట్టిది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నడిరేయి:
ఇద్దరూ యెరూషలేము చుట్టూనే తిరుగుతున్నారు. ఉత్తరం రోమాకు వెళ్లిందనుకుని చదవండి. ‘ఇటలీవారు మీకు వందనములు చెప్పుచున్నారు’ అన్నది, దుబాయి నుంచి మా మేనమామ ‘ఇక్కడున్న మన ఊరివాళ్లందరూ అడిగారు’ అని రాసినట్టే ఉంటుంది నాకు. తొలి శతాబ్దం చివర్లో రోమా సంఘం కొరింథుకు రాసిన ఉత్తరంలో ఈ పత్రిక మాటలు దాదాపు అలాగే కనిపిస్తాయి. అంటే ప్రతి అక్కడుంది. పాఠకుల ఆస్తులు పోయాయని పత్రికలో ఉన్న మాటకు, 49 ప్రాంతంలో చక్రవర్తి క్లౌదియ యూదులను రోమా నుంచి వెళ్లగొట్టడం సరిపోతుంది. వాళ్లకు రక్తం కారేదాకా ఇంకా రాలేదంటాడు కాబట్టి, 64లో నీరో చక్రవర్తి రోమా క్రైస్తవులను పెట్టిన హింసకు ముందు.

పాతప్రతి:
రోమా వరకు ఒప్పుకుంటాను. కానీ పదమూడో అధ్యాయంలో, వాక్యం బోధించిన నాయకుల ముగింపును తలచుకోమంటాడు. వాళ్లు పోయినట్టే కదా? 64కి ముందే రోమాలో అలా పోయిన నాయకులెవరు?