బేలీఫ్ ఇంట్లో పొగగొట్టం తీసేయడం సబబేనా?

పాతదూలం: ఇంగ్లండ్‌లో సింగిల్టన్ దగ్గర వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో బేలీఫ్ అనే పాత ఇల్లు చూసొచ్చాను, ఒకప్పటి రైతుది. అంతా ఓక్ కొయ్య చట్రం. నడిమి హాలు, ఒక పక్క గదులు 1405-1430 మధ్య కట్టినవి. రెండో పక్క గదులు 1500 దాటాక కలిపారు. అసలు చోటు కెంట్‌లోని చిడింగ్‌స్టోన్. బావ్ బీచ్ రిజర్వాయర్ కోసం 1968-69లో విప్పి తెచ్చారు. తర్వాతి తరాలు హాల్లో పొగగొట్టం కట్టుకున్నాయి, మీద అంతస్తు వేసుకున్నాయి. మ్యూజియం అవి తీసేసి 1540 నాటి రూపంలో నిలబెట్టింది. ఇది తప్పు. 1877లో విలియం మోరిస్ అనే కళాకారుడు, ఆయన మిత్రులు పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టింది ఇలాంటి పనులు ఆపడానికే కదా?

వడ్రంగి_మనవడు: పొగగొట్టం ఉంచితే ఆ హాలు అర్థమే కాదండీ. నేల మధ్యలో పొయ్యి, పొగ పైకప్పు సందుల్లోంచి పోయేది. పైన వాసాలు మసిపట్టి నల్లగా ఉన్నది అందుకే. అంతస్తు అడ్డం ఉంటే అవి కనబడతాయా?

చలిగాలి: కిటికీలకు అద్దాల్లేవటగా?

వడ్రంగి_మనవడు: లేవు. నిలువు కొయ్య కమ్మీలు, లోపల చెక్క తలుపులు, అంతే.

లండన్_శీను: పొగగొట్టం సరే, సిమెంటు సంగతి మాట్లాడండి. మేమిక్కడ కొన్న పాత కొయ్య ఇంటికి మేస్త్రీ సున్నం బదులు సిమెంటు పూశాడు. తడి బయటికి పోక అడుగు దూలం మెత్తబడింది, వేలుపెడితే దిగిపోయింది. తడికె మీద మట్టి, పేడ, గడ్డి మెత్తిన గోడకి సిమెంటు పనికిరాదు!

పాతదూలం: శీనూ, అది వేరే చర్చగా పెట్టుకో తమ్ముడూ. నేనడిగింది పొగగొట్టం గురించి.

వడ్రంగి_మనవడు: జవాబు చెప్పానుగా. అక్కడి వడ్రంగులు చట్రాన్ని ముందు నేలమీదే జతచేసి, ఏ కొయ్య ఎక్కడ కూర్చోవాలో ఉలితో రోమన్ అంకెలు గీసేవాళ్లు. మేకుల్లేవు, ఓక్ చీలలే. ఆ పనితనం చూపించాలంటే పైన కప్పినవి తీయాల్సిందే. మా తాత చెక్కిన గుమ్మానికి ఇప్పటి ఇంటివాళ్లు టైల్స్ అంటించారు. చూస్తే కడుపు మండుతుంది. మీకది తెలియదు.

పాతదూలం: నాకు తెలియదా? మా ఊరు శ్రీశైలం నీళ్లలో మునిగింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురం చేర్చారు, మంచిదే. మా మిద్దెను ఎవరూ ముట్టలేదు. ఒకవేళ తెచ్చి, ముత్తాత కట్టినట్టే ఉండాలని మా అమ్మ వేయించుకున్న వంటిల్లు తీసేసి నిలబెడితే, అందులో నేనెక్కడ వెతుక్కోవాలి మా అమ్మని?

వడ్రంగి_మనవడు: మీరు కాపురమున్నవాళ్ల ఇల్లంటున్నారు, నేను కట్టినవాడి ఇల్లంటున్నాను. అక్కడే మనకు కుదరట్లేదన్నా. నోరు జారాను, ఏమనుకోకండి. కానీ బేలీఫ్ విషయంలో నా మాట మారదు.

పాతదూలం: నాదీ మారదు.

చలిగాలి: మీ మిద్దె ఫొటో ఏమైనా ఉందా అన్నా?

పాతదూలం: లేదమ్మా. ఖాళీ చేసిన రోజు నాన్న తలుపు గొళ్లెం ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. అదొక్కటే ఉంది.