హువానా రాణికి నిజంగా మతి చలించిందా?

చరిత్రాసక్తుడు:
నేటి స్పెయిన్‌లో భాగమైన కాస్టిల్ రాజ్యానికి రాణి అయిన హువానాను 1509లో తోర్దెసియాస్ రాజభవనంలో నిర్బంధించారు. 1555 ఏప్రిల్ 12న మరణించేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది. భర్త ఫిలిప్ మీది వ్యామోహంతో ఆమెకు మతి పోయిందనీ, అతని శవపేటికను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగిందనీ నేటికీ రాస్తున్నారు. ఈ కథనాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

మంజీర:
నేను నమ్మను. ఆమెకు మతి లేదన్నవారెవరో, ఆ మాటతో ఎవరికి ఏమి దక్కిందో ముందుగా చూడాలి. 1504 నవంబరులో తల్లి ఇసబెల్లా మరణించగానే కాస్టిల్ సింహాసనం హువానాకు సంక్రమించింది. తండ్రి ఫెర్డినాండ్‌కు సొంతంగా మిగిలింది అరగాన్ రాజ్యమే. కూతురు పాలించలేకపోయినా, పాలించడానికి ఇష్టపడకపోయినా తండ్రి పాలన చూడవచ్చని ఇసబెల్లా వీలునామాలో ఉండడంతో, దానిని ఆసరా చేసుకుని అతడు 1505లో తోరోలో సమావేశమైన ప్రతినిధుల సభ చేత ఆమె అసమర్థురాలని అనిపించాడు. ఫెర్డినాండ్‌కూ అల్లుడు ఫిలిప్‌కూ బొత్తిగా పడదు. అయినా 1506 జూన్‌లో వియాఫాఫిలాలో కుదిరిన ఒప్పందంలో, హువానాను పాలనకు దూరంగా ఉంచాలన్న విషయంలో మాత్రం వారిద్దరూ ఏకమయ్యారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

శవపేటిక సంగతికి వస్తే, ఫిలిప్ 1506 సెప్టెంబరు 25న బుర్గోస్‌లో మరణించాడు. ఇసబెల్లా సమాధి ఉన్న గ్రనడాలోనే అతనిని ఖననం చేయించాలని హువానా నిండు గర్భిణిగా ఉండి బయలుదేరింది. దారిలో తోర్కెమాదాలో 1507 జనవరిలో కూతురు కాటలీనాను ప్రసవించింది. అంతకు కొద్ది వారాల ముందే, భర్త తన అనుచరులకు ధారపోసిన కానుకలన్నిటినీ రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేసింది. ఇది మతి లేనివారు చేసే పనేనా?

కృష్ణాతీరం:
మంజీర గారూ, స్వార్థపరులు చెప్పినంత మాత్రాన అది అబద్ధం కానక్కరలేదు. హువానా అమ్మమ్మ కూడా వైధవ్యంలో మానసిక వ్యాధితో అరేవలోలో ఏకాంతంగా గడిపింది. 1503 నవంబరులో భర్త దగ్గరికి వెళ్లనివ్వలేదన్న ఆగ్రహంతో హువానా మెదీనా దెల్ కాంపో కోట ద్వారం వద్ద చలిలో నిలబడి లోపలికి రానన్నప్పుడు, తల్లే స్వయంగా వెళ్లి సముదాయించవలసి వచ్చింది. అప్పటికి ఆమె సింహాసనం ఎక్కనేలేదు. పైగా 1520లో ఆమె కొడుకు చార్లెస్ పాలనపై తిరుగుబాటు చేసినవారు తోర్దెసియాస్‌ను పట్టుకుని ఆమె సంతకం కోసం నెలల తరబడి వేడుకున్నా, ఆమె ఏదీ తేల్చలేదు.

మంజీర:
ఆమెకు తీవ్రమైన కుంగుబాటు ఉండి ఉండవచ్చు. దుఃఖం ఉన్నంత మాత్రాన రాజ్యాధికారం పోదు. సంతకం విషయంలో ఆమె స్థితిని ఆలోచించండి. తండ్రి 1516లో మరణించినా ఆ సంగతి ఆమెకు తెలియనీయలేదు. కాపలా బాధ్యత చేపట్టిన దేనియా మార్క్విస్ అనే ప్రభువు, ఫెర్డినాండ్ బ్రతికే ఉన్నట్లు నటించాడు. ఎవరి మాట నిజమో తెలియని మనిషి, కన్నకొడుకు చార్లెస్ అధికారాన్ని కూల్చే పత్రం మీద సంతకం చేయకపోవడం నాకు వివేకంగానే కనిపిస్తుంది.

చార్లెస్ కూడా తల్లిని పదవీచ్యుతురాలిని చేయలేదు. ఆమె మరణించేదాకా కాస్టిల్ రాజశాసనాలు ఇద్దరి పేర్లతోనే వెలువడ్డాయి. రాణి హోదాను తీసివేయకుండానే రాణిని నాలుగు గోడల మధ్య ఉంచారంటే, వారికి కావలసింది ఆమె చికిత్స కాదు, ఆమె పేరు.